డ్రై ఫుడ్ తప్ప ఏదీ ముట్టని పిల్లికి ఇంటి మాంసం అలవాటు చేయడం ఎలా?

మీ ప్రశ్న ఒకసారి క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మూడేళ్ల ఆడ పర్షియన్ పిల్లి, బరువు ఐదున్నర కేజీలు. చిన్నప్పటి నుంచి డ్రై ఫుడ్ తప్ప ఇంకోటి తినలేదు. మూత్రంలో క్రిస్టల్స్ కనబడ్డాయి, ఒంట్లోకి నీళ్లు ఎక్కువ వెళ్లాలి, తడి ఆహారం అలవాటు చేయండి అన్నారు డాక్టర్ గారు. మీరు పచ్చి చికెన్ పెట్టారు, ఉడికించీ పెట్టారు. వాసన చూసి, గిన్నె పక్కన నేలని కాలితో గీరి వెళ్లిపోయింది. ఆకలేస్తే అదే తింటుందని ఎవరో చెబితే నిన్న పొద్దున్నుంచి ఏమీ పెట్టలేదు. ఇప్పుడేం చేయాలి అని అడిగారు.

ముందు లేచి దానికి అలవాటైన డ్రై ఫుడ్ పెట్టండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. అది కూడా తినకపోతే రేపటిదాకా ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇక అసలు సమాధానం. మీ పిల్లి మాంసం తింటుంది. కానీ వారంలో తినదు, రెండు మూడు నెలలు పట్టొచ్చు. దానికి వేళకి ఆకలి పుట్టేలా చేసి, కందిగింజంత మాంసంతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్లాలి. పచ్చిది వద్దు, ఉడికించినదే పెట్టండి, చికెన్ అయితే మరీ ముఖ్యంగా. వట్టి మాంసం పిల్లికి పూర్తి ఆహారం అవ్వదు, అందులో కలపాల్సినవి కలిపితీరాలి.

నేను సికింద్రాబాద్‌లో ఉంటాను. పదిహేనేళ్లుగా పిల్లుల్ని పెంచుతున్నాను. ఇప్పుడు ఇంట్లో ఐదున్నాయి. రోడ్డు మీద దొరికినవి, ఎవరో వదిలేసినవి తెచ్చి, కోలుకున్నాక వేరే ఇళ్లకి ఇచ్చినవి నలభై దాటాయి. వెటర్నరీ డాక్టర్‌ని కాను. కింద చెప్పేవి నా ఇంట్లో చేసి చూసినవి, డాక్టర్లని అడిగి తెలుసుకున్నవి.

పస్తు ఎందుకు పెట్టకూడదంటే

కుక్క రెండు రోజులు తినకపోతే నీరసపడుతుంది, తర్వాత తింటే కోలుకుంటుంది. పిల్లి ఒళ్లు అలాంటిది కాదు. తిండి ఆగిపోతే ఒంట్లోని కొవ్వు కరిగి లివర్‌కి చేరుతుంది, పిల్లి లివర్ అంత కొవ్వుని తట్టుకోలేదు. దీన్ని హెపాటిక్ లిపిడోసిస్ అంటారు. రెండు మూడు రోజుల పస్తుకే మొదలవ్వచ్చు, లావుగా ఉన్న పిల్లులకి ప్రమాదం ఇంకా ఎక్కువ. మీ పిల్లి ఐదున్నర కేజీలు అన్నారు కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మా కాలనీలో ఒకళ్లింట్లో ఆరు కేజీల మగ పిల్లి ఉండేది. వాళ్లు ఇల్లు మారినప్పుడు బెదిరిపోయి మంచం కింద దూరింది. కొత్త చోటు కదా, అలవాటు పడ్డాక తింటుందిలే అనుకున్నారు. ఐదో రోజు నన్ను పిలిచారు. టార్చి వేసి చూస్తే చెవుల లోపలి చర్మం, చిగుళ్లు పసుపు రాసినట్టు ఉన్నాయి. మెడ దగ్గర ట్యూబు వేసి, నాలుగు గంటలకోసారి సిరంజితో తిండి ఎక్కిస్తూ మూడు వారాలకి పైగా చూసుకుంటే బతికింది. అర్ధరాత్రి అలారం పెట్టుకుని లేచి ఆ ఇంటావిడ చేసిన సేవ నేను కళ్లారా చూశాను. అప్పటి నుంచి నాకు ఒకటే లెక్క: ఒక పూట మాంసం ముట్టకపోతే ఆ పూటే డ్రై ఫుడ్ పెట్టేయాలి. ఇరవై నాలుగు గంటలు దాటి ఏ పిల్లీ ఖాళీ కడుపుతో ఉండకూడదు.

అది మొండితనం చేయట్లేదు

మీరు పెట్టింది తిండే అని మీ పిల్లికి తెలియదు. పిల్లి పిల్లలు ఏది తినొచ్చో తల్లిని చూసి, మొదటి కొన్ని నెలల్లో నోటికి తగిలిన వాటిని బట్టి నేర్చుకుంటాయి. మీ పిల్లికి ఆ వయసులో తగిలినవి కరకరలాడే గింజలు ఒక్కటే. ఆ గింజల పైన కొవ్వు, మాంసం నుంచి తీసిన రుచి పదార్థాలు చల్లుతారు, డబ్బా మూత తీయగానే ఘాటుగా వాసన వస్తుంది. ఆ వాసనకి, పంటికింద ఆ కరకరకి అలవాటు పడ్డ ముక్కుకీ నోటికీ మన ఉడికించిన చికెన్ ముక్క చల్లటి రబ్బరు ముక్కలాగే ఉంటుంది. పక్కన నేల గీరడం కూడా అసహ్యంతో కాకపోవచ్చు, తినని తిండిని కప్పిపెట్టడం పిల్లులకి పుట్టుకతో వచ్చే అలవాటు.

ఇక్కడే చాలామంది ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది: "మా అమ్మమ్మగారి ఊళ్లో పిల్లులు పెరుగన్నం తిని బతకలేదా?" బతికాయి. కానీ అవి పెరుగన్నం తిని, గోడ దిగి, గాదె దగ్గర ఎలుకని, దొడ్లో పిచ్చుకని, చూరు కింద బల్లిని పట్టుకు తినేవి. వాటికి బలం అక్కడి నుంచి వచ్చేది. అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తులో, బాల్కనీకి నెట్ కట్టిన ఇంట్లో పెరిగే పిల్లికి మనం గిన్నెలో పెట్టిందే సర్వస్వం. పెరుగన్నం దానికి పనికిరాదు.

పచ్చిదా, ఉడికించినదా

మీరు పచ్చి మాంసం గురించీ అడిగారు కాబట్టి నా సంగతి చెప్తాను. నేను కొన్నేళ్లు పచ్చిదే పెట్టాను. పిల్లులు ఇష్టంగా తిన్నాయి, బొచ్చు మెరిసింది, వాటి టాయిలెట్ డబ్బాలో వాసన తగ్గింది. ఆ మంచి నేను కాదనను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లకి బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు పూర్తిగా మానేశాను. అంతకుముందే నాగపూర్ గోరేవాడ రెస్క్యూ సెంటర్‌లో మూడు పులులు, ఒక చిరుత చనిపోతే అది హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ వల్లేనని 2025 జనవరిలో పరీక్షల్లో తేలింది. 2023లో పోలండ్‌లో ఇంటి పిల్లులు ఇదే వైరస్‌తో పదుల సంఖ్యలో చనిపోయాయి. 2024 డిసెంబర్‌లో అమెరికాలోని ఓరెగాన్‌లో ఒక ఇంటి పిల్లి ప్యాకెట్‌లో వచ్చిన ఫ్రోజెన్ పచ్చి టర్కీ మాంసం తిని చనిపోయింది. తిండిలోని వైరస్, పిల్లి ఒంట్లోని వైరస్ ఒకటేనని పరీక్షల్లో తేలింది. అంటే డీప్ ఫ్రీజ్‌లో పెడితే వైరస్ చచ్చిపోతుందని నమ్ముకోలేం. సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా సంగతీ అంతే.

పైగా మన దగ్గర చికెన్ షాపు ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒకే మొద్దు మీద పొద్దున్నుంచి అన్నీ కొడతారు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీల ఎండలో కవర్లో పెట్టుకుని ఇంటికి తెచ్చేసరికే మాంసం వేడెక్కిపోతుంది. మనం దాన్ని పసుపు వేసి బాగా ఉడికించుకుని తింటాం కాబట్టి సరిపోతోంది. పిల్లికి అదే పచ్చిగా పెడితే ఆ క్రిములు పిల్లికే కాదు, గిన్నె కడిగిన మనిషికీ అంటుకోవచ్చు. ఇంట్లో గర్భిణి ఉన్నా, చంటిపిల్లలున్నా, కీమోథెరపీ తీసుకునేవాళ్లున్నా పచ్చి మాంసం ఆలోచనే పెట్టుకోవద్దు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పచ్చి మాంసం ద్వారా పిల్లికి వచ్చి, దాని మలం ద్వారా మనుషులకి చేరగలదు.

పచ్చి చేపలకి ఇంకో చిక్కుంది. కార్ప్ జాతి చేపలు చాలావాటిలో థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ని విరిచేస్తుంది. మన రవ్వ, బొచ్చె ఈ జాతివే. రాంనగర్ మార్కెట్ నుంచి రోజూ తెచ్చి పచ్చిగా పెడుతూ పోతే కొన్నాళ్లకి పిల్లి తల కిందికి వాలిపోయి, తూలుతూ నడిచే స్థితి రావచ్చు. ఉడికిస్తే ఆ ఎంజైమ్ పోతుంది. ఉడికించిన చేప కూడా వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

ఉడికించడం అంటే కూరకి ఉడికించినంత అక్కర్లేదు. ముక్కలు మునిగీ మునగనట్టు నీళ్లు పోసి, లోపల గులాబీ రంగు పోయేదాకా ఉంచితే చాలు. ఆ నీళ్లు పారబోయకండి, అందులోకి దిగిన సారం పిల్లికి కావాలి. ఉడికిన ఎముక మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి, అది పుల్లలా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

ఇక అలవాటు చేసే పద్ధతి

మొదటి పని మాంసంతో సంబంధం లేనిది. గిన్నె నిండా రోజంతా డ్రై ఫుడ్ ఉంచే పద్ధతి మానేయాలి. రోజుకి అది ఎంత తింటోందో తూచండి. అదే మొత్తాన్ని మూడు పూటలుగా చేసి, పూటకి అరగంట ఉంచి గిన్నె తీసేయండి. మొదటి రెండు మూడు రోజులు మీ వెంట తిరిగి అరుస్తుంది, మనసు గట్టి చేసుకోవాలి. వారం పది రోజుల్లో వేళయ్యేసరికి వంటగది గుమ్మం దగ్గరికి అదే వచ్చి కూర్చుంటుంది. అప్పటిదాకా మాంసం ఊసెత్తకండి. రోజంతా కొంచెం కొంచెం తింటూ ఉండే పిల్లికి ఎప్పుడూ ఆకలి ఉండదు, ఆకలి లేని పిల్లికి కొత్త వాసన మీద ఆసక్తి కలగదు. నా అనుభవంలో ఈ మెట్టు దాటేసి నేరుగా మాంసం పెట్టినవాళ్లే "మా పిల్లి తినదండీ" అని వదిలేశారు.

వేళ కుదిరాక, డ్రై ఫుడ్ గిన్నెకి జానెడు దూరంలో చిన్న మూతలో వేడి చేసిన మాంసం కొంచెం పెట్టండి. తినమని కాదు, ఆ వాసన దాని భోజనం వేళలో ఉండటానికి. అది గింజలు తింటూ ఉండగా మధ్యలో ఒకసారి ముక్కు అటు తిప్పితే చాలు. తినకపోతే అరగంట తర్వాత తీసి పారేయండి. ఎండాకాలంలో అరగంట కూడా ఎక్కువే.

తర్వాత కలపడం. కందిగింజంత మాంసం ముద్ద, దాని చుట్టూ డ్రై ఫుడ్ పొడి. డ్రై ఫుడ్‌ని మిక్సీలో పొడి కొట్టి సీసాలో పెట్టుకోండి, మాంసాన్ని అందులో పొర్లించండి. నువ్వులుండకి నువ్వులు అంటించినట్టు అంటుతుంది. దాన్ని మామూలు గింజల మధ్య పెట్టండి. దాన్ని వదిలి గింజలు ఏరుకు తింటుంది కొన్ని రోజులు. ఒక రోజు పొరపాటున నోట్లోకి వెళ్తుంది. ఆ రోజు వచ్చాక కందిగింజంత శనగగింజంత అవుతుంది, తర్వాత ఉసిరికాయంత, తర్వాత నిమ్మకాయంత. కొలత పెంచినప్పుడల్లా మూడు నాలుగు రోజులు అక్కడే ఆగండి. గింజలు తగ్గించడం మాంసం నిజంగా కడుపులోకి వెళ్లాకే. విరేచనం పలచబడితే ఒక మెట్టు వెనక్కి రండి.

మా కాశి కథ చెప్తే ఇది ఎంత నెమ్మదైన పనో తెలుస్తుంది. పసుపు రంగు మగ పిల్లి, ఏడేళ్లప్పుడు నా దగ్గరికి వచ్చాడు. అప్పటిదాకా ఒకే కంపెనీ డ్రై ఫుడ్. నలభై రోజులు వాడు మాంసాన్ని గిన్నె అంచుకి ముక్కుతో తోసి, చుట్టూ ఉన్న గింజలు ఒక్కొక్కటే ఏరుకు తిన్నాడు. తోసేసిన ముద్ద రోజూ అదే చోట, గిన్నెకి కుడిపక్క ఉండేది. నలభై ఒకటో రోజు పొద్దున నేను లివర్ నలుపుతుంటే వచ్చి నా చూపుడు వేలు వాసన చూశాడు. చెయ్యి కదపకుండా అలాగే ఉంచాను. ముందు ముక్కు తడి తగిలింది, తర్వాత గరుకు నాలుకతో ఒక్కసారి నాకాడు. ఆగి, పెదాలు చప్పరించి, మళ్లీ నాకాడు. ఆ రోజు గిన్నెలో పెట్టింది ముట్టలేదు కానీ వేలి మీదది మూడుసార్లు నాకాడు. నాలుగు నెలలకి గిన్నె ఖాళీ చేయడం మొదలుపెట్టాడు. పదమూడేళ్లు బతికాడు, చివరి వరకూ ఇంటి తిండే.

అందుకే వేలి మీద పెట్టి చూపించండి, నోరు తెరిచి కుక్కకండి. బలవంతంగా నోట్లో పెట్టిన తిండిని పిల్లి నెలల తరబడి అసహ్యించుకుంటుంది. గిన్నె పట్టుకుని దాని వెనక తిరగొద్దు, తింటుందా లేదా అని ఎదురుగా కూర్చుని చూడొద్దు కూడా. పెట్టి, మీ పని మీరు చూసుకోండి.

వాసన, వేడి, మెత్తదనం

తొంభై శాతం పని ముక్కు దగ్గరే అయిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన మాంసానికి వాసన ఉండదు. గిన్నెని వేడినీళ్లలో పెట్టి, మీ మణికట్టు మీద పెట్టుకుంటే గోరువెచ్చగా తగిలేంత వేడి చేయండి. పిల్లి ఒంటి వేడి 38 డిగ్రీల పైన ఉంటుంది, అది వేటాడే ఎలుకదీ దాదాపు అంతే. ఆ వేడిలో పెట్టిన తిండి మీద దానికి నమ్మకం.

మన ఇళ్లల్లో ఇంకో అడ్డంకి ఉంది, చాలామందికి తట్టదు. అల్లం వెల్లుల్లి ముద్ద నూరిన మిక్సీ జార్‌లోనే పిల్లి మాంసం వేస్తారు. ఎంత కడిగినా ఆ వాసన పోదు, మనకి తెలియకపోయినా దానికి తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం, ఎర్ర రక్తకణాలు పగిలిపోయి రక్తం తగ్గిపోతుంది. మన కూరలోంచి ముక్క తీసి కడిగి పెట్టడం, రంజాన్ నెలలో హలీం మిగిలితే పెట్టడం, ఇవేవీ వద్దు. చిన్న జార్ ఒకటి, చిన్న కత్తి, పలక పిల్లికి విడిగా పెట్టుకోండి.

మెత్తదనం ఒక్కో పిల్లికి ఒక్కో రకం. కొన్నింటికి ఖీమా ఇష్టం, కొన్నింటికి పేస్టులా ఉండాలి, కొన్నింటికి నమిలే ముక్కే కావాలి. మీది పర్షియన్, ముఖం చదునుగా ఉంటుంది, లోతు గిన్నెలోంచి ముక్క నోటికి అందించుకోవడం దానికి కష్టం. చదునైన ప్లేటులో, పేస్టుకీ ఖీమాకీ మధ్యగా పెట్టి చూడండి. ఖీమా షాపులో కొట్టించకుండా ముక్కలు తెచ్చుకుని ఇంట్లో మిక్సీలో రెండు తిప్పులు తిప్పుకోవడం మంచిది.

మాంసం పైన చల్లడానికి నేను వాడేవి: డ్రై ఫుడ్ పొడి, వాళ్లకి ఇష్టమైన క్రీమీ ట్రీట్ ఒక చుక్క, ఉడికించిన చికెన్ లివర్ నలిపింది, ఎండు నెత్తళ్ల పొడి. నెత్తళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి తల తీసి, గంటసేపు నీళ్లలో నానబెట్టి, రెండుసార్లు నీళ్లు మార్చి, మళ్లీ ఎండబెట్టి, నూనె లేకుండా వేయించి పొడి కొట్టాలి. చిటికెడు చాలు. ఆ సీసా మూత తీస్తే పక్క గదిలో పడుకున్న పిల్లి లేచి వస్తుంది. మీ పిల్లికి క్రిస్టల్స్ ఉన్నాయి కాబట్టి ఇది డాక్టర్‌ని అడిగాకే వాడండి.

నేరుగా ఇంటి మాంసానికి రాకపోతే మధ్యలో వెట్ ఫుడ్ పౌచ్ మంచి వంతెన. ముందు గింజల నుంచి పౌచ్‌కి, పౌచ్ నుంచి మాంసానికి. మీకు కావాల్సింది ఒంట్లోకి నీళ్లు వెళ్లడం అయితే, పౌచ్ దగ్గరే ఆగిపోయినా మీ పని అయినట్టే. డ్రై ఫుడ్‌లో తేమ పది శాతం లోపు ఉంటుంది, పౌచ్‌లోనూ మాంసంలోనూ డెబ్బై శాతం పైన. పౌచ్ వెనక "కంప్లీట్" అని ఉందో "కాంప్లిమెంటరీ" అని ఉందో చదివి కొనండి. రెండోది రోజూ పెట్టే తిండి కాదు, పైపై రుచికి.

వట్టి చికెన్ పెడితే ఏమవుతుందో నేను చూశాను

ఇది రాయడం నాకు ఇప్పటికీ కష్టమే. 2012లో మల్లి అనే పిల్లి పిల్లని తెచ్చుకున్నాను, రెండు నెలల పిల్ల. మంచి తిండి పెట్టాలని పట్టుదల. రోజూ బోన్‌లెస్ చికెన్ తెచ్చి, ఉడికించి, చల్లార్చి, చేత్తో తినిపించేదాన్ని. ఎంత ఇష్టంగా తినేదో. మూడు నెలలు గడిచాయి. కాస్త కుంటుతోంది అనుకునేలోపే ఒక సాయంత్రం సోఫా మీద నుంచి దూకి వెనక కాలు విరగ్గొట్టుకుంది. సోఫా ఎత్తు అడుగున్నర. ఎక్స్‌రే దీపానికి పెట్టి చూపించారు డాక్టర్ గారు. తెల్లగా కనబడాల్సిన ఎముకలు చుట్టూ ఉన్న కండతో కలిసిపోయినట్టు మసగ్గా ఉన్నాయి. "ఏం పెడుతున్నారమ్మా?" అని అడిగారు. చికెనే పెడుతున్నానండీ అన్నాను.

మాంసంలో ఫాస్ఫరస్ బాగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసుకోవడానికి ఒళ్లు ఎముకల్లోంచి తోడేస్తుంది. ఎలుకని తినే పిల్లికి ఆ ఎలుక ఎముకలతో కాల్షియం దొరుకుతుంది, మనం బోన్‌లెస్ పెట్టేదానికి ఎక్కడి నుంచి వస్తుంది? మల్లిని ఆరు వారాలు బోనులో కదలకుండా ఉంచి, పూర్తి ఆహారం పెట్టాక ఎముక అతికింది. కానీ కాలు వంకరగానే ఉండిపోయింది.

అందుకే కలపాల్సినవి చెప్తున్నాను. ఎదిగిన, ఆరోగ్యంగా ఉన్న పిల్లికి నా ఇంట్లో కేజీ మాంసానికి లెక్క ఇది. లెగ్ పీసుల నుంచి తీసిన మాంసం, కొంచెం స్కిన్‌తో. రొమ్ము మాంసం కన్నా దీంట్లో టారిన్ (పిల్లి గుండెకీ చూపుకీ తప్పనిసరైన పోషకం) ఎక్కువ. దాంతోపాటు చికెన్ గుండెకాయలు ఒక గుప్పెడు. లివర్ 50 గ్రాములు, అంతకు మించొద్దు, ఎక్కువైతే ఎ విటమిన్ పేరుకుని మెడ ఎముకలు బిగుసుకుపోతాయి. కందనకాయలు కొంచెం ఉంటే మంచిదే కానీ గుండెకాయకి బదులు కాదు. గుడ్డు పెంకుని కడిగి, వేయించి, పౌడర్ డబ్బాలో పిండిలా మెత్తగా పొడి చేసింది ఒక టీస్పూను, అంటే 5, 6 గ్రాములు. టారిన్ పొడి 2 గ్రాములు. ఇవి కాక చేప నూనె, ఇ విటమిన్, బి కాంప్లెక్స్, అయోడిన్, జింకు వగైరా ఉన్న పిల్లుల విటమిన్-మినరల్ మిక్స్, డాక్టర్ చెప్పిన మోతాదులో.

టారిన్ గురించి ఒక్క మాట. మనుషులు, కుక్కలు కొంతవరకు ఒంట్లోనే తయారుచేసుకుంటాయి, పిల్లికి తిండిలోనే రావాలి. అది తగ్గితే చూపు పోతుంది, గుండె ఉబ్బి బలహీనపడుతుంది. ఆ గుండె జబ్బుకి కారణం టారిన్ లోపమని 1987లో కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ పరిశోధకులు చూపించారు, ఆ తర్వాతే కంపెనీ తిళ్లలో టారిన్ పెంచారు. మాంసం ఉడికిస్తే టారిన్ నీళ్లలోకి దిగుతుంది, అందుకే ఆ నీళ్లు పారబోయొద్దన్నాను. పొడులన్నీ మాంసం చల్లారాక కలపాలి.

ఇవి మొదటి రోజే కలపకండి. పొడుల వాసన పిల్లి ఇట్టే పట్టేస్తుంది, మొదటికే మోసం వస్తుంది. రోజు తిండిలో మాంసం పదో వంతు, మిగతాది కంప్లీట్ డ్రై ఫుడ్ అయినన్నాళ్లు వట్టి మాంసమైనా ఇబ్బంది లేదు. పదో వంతు దాటించే ముందు పొడులు ఒక్కొక్కటిగా, చిటికెడుతో మొదలుపెట్టి పూర్తి మోతాదుకి తీసుకురండి. ఈ లెక్కలన్నీ కుదరవనుకుంటే ఇంటి మాంసాన్ని ఆ పదో వంతు దగ్గరే ఉంచి, మిగతాది కంప్లీట్ వెట్ ఫుడ్ పెట్టండి. అది కూడా చాలా మంచి తిండే, ఏ తప్పూ చేసినట్టు కాదు.

మీ పిల్లి విషయంలో మరీ జాగ్రత్త

క్రిస్టల్స్ అన్నారు, ఏ రకమో చెప్పలేదు. స్ట్రువైట్ అయితే సరైన తిండితో కరుగుతాయి, కాల్షియం ఆక్సలేట్ అయితే కరగవు. గుడ్డు పెంకు పొడి మూత్రంలో ఆమ్లం తగ్గించగలదు, అది స్ట్రువైట్ ఉన్న పిల్లికి మంచిది కాదు. కాబట్టి పైన చెప్పిన లెక్కని మీ పిల్లికి యథాతథంగా వాడొద్దు. డాక్టర్ గారు మందు తిండి ఏదైనా రాసి ఉంటే, ఆ బ్రాండ్‌లోనే తడి రకం దొరుకుతుందేమో ముందు అడగండి. అన్నిటికన్నా సులువైన దారి అదే. ఇంటి తిండే పెట్టాలనుకుంటే యూరిన్ రిపోర్టు తీసుకుని నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకో, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీకో వెళ్లి కాల్షియం ఎంత, ఏ రూపంలో ఇవ్వాలో రాయించుకోండి.

పళ్లు కూడా చూపించండి. నా దగ్గరికి వచ్చిన ఒక ముసలి పిల్లి మాంసం నోట్లో పెట్టుకుని వదిలేసేది, గింజలు మాత్రం మింగేసేది. మాంసం ఇష్టం లేదనుకున్నాం. వెనక దంతం కుళ్లి చీము పట్టి ఉంది, నమలలేక గింజల్ని అలాగే మింగుతోందన్నమాట. పన్ను తీసేసిన పది రోజులకి ఖీమా తినడం మొదలుపెట్టింది.

బరువు వారం వారం చూడండి. దాన్ని ఎత్తుకుని మీరు మెషిన్ ఎక్కి, తర్వాత మీరొక్కరే ఎక్కి, తేడా రాసుకోండి. అయిదున్నర కేజీల పిల్లి వారానికి 50, 60 గ్రాములు తగ్గితే మంచిదే. ఇంటి మెషిన్ అంత చిన్న తేడా పట్టదు కాబట్టి నెలకోసారి డాక్టర్ దగ్గర తూయించండి. వారంలో పావు కేజీ తగ్గిందంటే ఎక్కడో తప్పు జరుగుతోంది, ఆపి గింజలకి వెళ్లిపోండి. టాయిలెట్ డబ్బాలోకి మాటిమాటికీ వెళ్లి, ముక్కుతూ, చుక్కచుక్కగా పోస్తుంటే ఆ రోజే చూపించాలి. మగ పిల్లి ఉన్నవాళ్లు చదువుతుంటే, మూత్రం పూర్తిగా ఆగిపోతే అర్ధరాత్రైనా సరే పరుగెత్తాలి.

చివరగా అలవాటయ్యాక సంగతి. పూర్తిగా మాంసానికి వచ్చిన పిల్లులకి కూడా రోజూ పొద్దున పది గింజలు డ్రై ఫుడ్, చిల్లులున్న బంతిలో వేసి ఆడిస్తాను. మీ పిల్లికి అయితే ఆ పది గింజలూ డాక్టర్ రాసిన రకంలోవే ఉండాలి. సంక్రాంతికి మనం ఊరెళ్తే నాలుగు రోజులు పక్కింటివాళ్లో, బోర్డింగ్ వాళ్లో చూసుకోవాలి, వాళ్లు మాంసం వేడి చేసి, పొడులు కలిపి పెట్టలేరు. గింజల రుచి మర్చిపోయిన పిల్లి ఆ నాలుగు రోజులూ పస్తుంటుంది. మా ఇంట్లో రెండేళ్ల కిందట అలాగే ఒకటి మూడో రోజుకి నీరసపడితే బస్సు టికెట్ మార్చుకుని వెనక్కి వచ్చాను. అప్పటి నుంచి ఆ పది గింజలు ఒక్క రోజూ మానలేదు.

యూరిన్ రిపోర్టులో క్రిస్టల్ రకం, ఇప్పుడు రోజుకి ఎన్ని గ్రాముల డ్రై ఫుడ్ తింటోందో రాయండి. పూటలుగా ఎలా విడగొట్టాలో లెక్క వేసి చెప్తాను.